బొగ్గేశం విగ్గు

నేను ఒక విగ్గును. గొర్రె బొచ్చుతో పుట్టి, మనిషి తలమీద బతికి, ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు బడి ఆటసామాన్ల గదిలో, గాలిపోయిన ఫుట్‌బాళ్ల మధ్య పడి ఉన్నాను. నామీద జాలి పడకండి. జాలి పడటం మీకెంత బాగా చేతనవునో నాకు తెలుసు. అసలు ఆ సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

నన్ను తయారుచేసింది నూకరాజు. తుని నుంచి కృష్ణానగర్ వచ్చి స్థిరపడ్డ మేకప్ మనిషి. కేబుల్ టీవీ ఇంటింటికీ కొత్తగా పాకుతున్న రోజులవి. అప్పుడే పుట్టిన ఓ ఛానల్ వాళ్లు ‘పకపకల బంగ్లా’ అని ఒక హాస్య సీరియల్ మొదలుపెట్టారు. అందులో ఒక జమీందారు, ఆయన పెళ్లాం, ఆఫ్రికా నుంచి ఓడెక్కి వచ్చి వాళ్ల వంటింట్లో పడ్డ నల్లవాడొకడు. వాడి పేరు బొగ్గేశం. ఆ పేరు తట్టినందుకు రచయిత ఆ పూట మిత్రులందరికీ బిర్యానీ పెట్టించాడు. బొగ్గేశానికి మాటలుండవు. ఆకలేసినా ‘ఊంగా’, దెబ్బ తగిలినా ‘ఊంగా’. ప్రతి భాగం చివరా జమీందారు పెళ్లాం వాణ్ణి పెరట్లో కూర్చోబెట్టి, కుంకుడుకాయ రసం పోసి, పీచుతో తోముతుంది. వాడు తెల్లబడడు, బకెట్టులో నీళ్లు నల్లబడతాయి. అక్కడ నవ్వాలి. నవ్వేవారు.

నూకరాజు నల్లగొర్రె బొచ్చు తెచ్చి, ఉతికి ఆరబెట్టి, పాయలు పాయలుగా అగరుబత్తి పుల్లలకు చుట్టి, ఉడుకుతున్న అన్నం గిన్నె మీద ఆవిరి పట్టించాడు. నేను ఉంగరాలు తిరిగాను. వలగుడ్డ మీద కుట్టడం పూర్తయ్యాక కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కళ్లకద్దుకున్నాడు. కొత్త పనిముట్టుకి దండం పెట్టకుండా పని మొదలెట్టే అలవాటు అతనికి లేదు. ఆ పని ఏమిటని దేవుడూ అడగలేదు, నూకరాజూ ఆలోచించలేదు.

దర్శకుడికి ముందు అసలు మనిషినే పెడదామని ఉబలాటం పుట్టింది. హైదరాబాదులో అందుకు కొదవేముంది? ఏసీ గార్డ్స్ బస్తీలో సిద్దీలున్నారు. నిజాం గుర్రపుదళం కోసం ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయిల మునిమనవలు. వాళ్లలో మబ్రూక్ అని ఒకడు, పెళ్లి బరాతుల్లో మర్ఫా డప్పు వాయించేవాడు, బస్తీ నాటకాల్లో వేషాలు కట్టేవాడు. కబురు పెడితే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఏదైనా చేసి చూపించమంటే కొడుకు చచ్చిపోయిన తండ్రిని చేసి చూపించాడు. లైట్లు మోసేవాళ్లు పని ఆపేసి చూశారు. ఒకడు ముక్కు చీదుకున్నాడు కూడా.

దర్శకుడు తల గోక్కున్నాడు. “అది కాదయ్యా. ఊంగా అను, చూద్దాం.”

“అంటే ఏంది సార్?”

“ఏమీ లేదు. ఆఫ్రికా భాష.”

“నాకు ఆఫ్రికా భాష రాదు సార్. నేను ఈడనే పుట్టిన, మా అబ్బా ఈడనే పుట్టిండు. తెలుగు మంచిగొస్తది, ఉర్దూ వస్తది. ఏది చెప్పమన్నా చెప్త.”

దర్శకుడు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి కెమెరామన్ వైపు తిరిగాడు. “లాభం లేదు. వీడు మరీ మనవాళ్లలాగే ఉన్నాడు. నవ్వు రాదు.”

అలా వేషం కుటుంబేశ్వరరావుకి దక్కింది. రాజమండ్రి వాడు, పచ్చటి మనిషి, ఎండలో నిలబడితే ఎర్రబడే చర్మం. అయితే ఆ పచ్చటి ముఖానికి ఎంత నలుపు పూయాలన్నది చిక్కయింది. ఓసారి మసిలా వచ్చింది, ఓసారి మట్టిలా వచ్చింది. “అసలు మనిషి ఉన్నాడు కదండీ, పక్కన కూర్చోబెడితే చూసి కలుపుకుంటాను” అన్నాడు నూకరాజు. మబ్రూక్‌కి ఉద్యోగం వచ్చేసింది. షూటింగ్ ఉన్న రోజల్లా మేకప్ గదిలో అతనికో కుర్చీ. నూకరాజు రంగు కలిపి, బ్రష్షుతో ఒక చుక్క అతని చెంపమీద పెట్టేవాడు. చుక్క కనబడకుండా కలిసిపోతే రంగు కుదిరినట్టు. కనబడితే గుడ్డతో తుడిచేసి ఇంకో చుక్క. ఆ గుడ్డ నన్ను దులిపే గుడ్డే.

మబ్రూక్ ఎందుకు వచ్చేవాడో నాకు తెలుసు. కుటుంబేశ్వరరావుకి ఏదో ఒకరోజు జ్వరం రాకపోతుందా, వేషం తనకి ఇవ్వకపోతారా అని. ఆ మహానుభావుడికి ఒక్కరోజు తలనొప్పి కూడా రాలేదు.

సీరియల్ ఆడింది. మామూలుగా ఆడటం కాదు, వీధులు ఖాళీ అయ్యేట్టు ఆడింది. ఆ తల కింద ఎవడున్నాడో మరిచిపోయి జనం నన్ను చూసి చప్పట్లు కొట్టేవారు. నాకు చాలా ఇష్టంగా ఉండేది, దాచడమెందుకు? రాష్ట్రంలో కాస్త రంగు తక్కువ పుట్టిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆ ఏడాది ఒకటే ముద్దుపేరు. పెళ్లిచూపుల్లో పిల్ల లోపలికి వెళ్లగానే పెళ్లికొడుకు తమ్ముళ్లు ‘ఊంగా’ అనుకుని మోచేతులతో పొడుచుకునేవారు. ఇక మబ్రూక్ కూతురు సయీదా సంగతి చెప్పాలా? ఆమె టీచరు రోజూ ఆమెను బెంచీ మీద నిలబెట్టి ‘ఊంగా’ అనిపించేదట. అంటేనే కూర్చోనిచ్చేదట. మబ్రూక్ ఆ మాట ఓ పొద్దున నూకరాజుతో చెప్పుకున్నాడు.

“టీచర్లన్నాక పిల్లల్ని ఆటపట్టిస్తారు బాబూ, పట్టించుకోకు” అన్నాడు నూకరాజు. “కొంచెం ఇటు తిరుగు.”

మబ్రూక్ తిరిగాడు.

తరవాత కాలం మారింది. సీరియల్ ఆగిపోయింది. కుటుంబేశ్వరరావుకి వేషాలు తగ్గి, పొట్ట పెరిగింది. నన్ను తన హాల్లో అద్దాల బీరువాలో, థర్మాకోలు తలమీద, షీల్డుల పక్కన పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. కొన్నాళ్లకి రావడానికీ ఎవరూ లేకపోయారు. నాకు చిమ్మట పట్టింది. ఆయనకి షుగరు పట్టింది.

అలాంటి సమయంలో ఛానల్ వాళ్లు తమ పాతికేళ్ల పండగకి ‘పకపకల బంగ్లా’ మళ్లీ ప్రసారం చేస్తామని ప్రకటించారు. ప్రకటన వచ్చిందో లేదో, ఆపమంటూ ఒకామె ఛానల్ గుమ్మమెక్కి కూర్చుంది. ఆమె సయీదా. ఇప్పుడు పెద్ద ఆసుపత్రిలో నర్సు. గుమ్మం ముందు కూర్చున్న మనిషిని గెంటేస్తే వార్త అవుతుంది, లోపలికి పిలిస్తే కార్యక్రమం అవుతుంది. లోపలికి పిలిచారు. ‘పాత నవ్వుకి కొత్త శిక్షా?’ అని పేరుపెట్టి చర్చ పెట్టారు. కుటుంబేశ్వరరావు నన్ను సంచిలో వేసుకుని వచ్చాడు. బల్ల మధ్య పెట్టారు. అన్నేళ్ల తరవాత లైట్ల వేడి తగిలేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక ప్రొఫెసరు కాలాన్ని బట్టి విలువలు మారతాయన్నాడు. ఇంకొకాయన మారవన్నాడు. మూడో ఆయన ఈ దేశంలో నవ్వుకునే స్వేచ్ఛ లేకుండా పోయిందని ఏడవబోయాడు. కుటుంబేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

“ఆ రోజుల్లో ఎవరికీ తప్పనిపించలేదమ్మా. ఇవాళ్టి కొలతలతో అప్పటి చొక్కా కొలిస్తే ఎలా?”

“ఎవరికీ అంటే ఎవరు సార్?” అంది సయీదా. “ఆ రోజుల్ల మా అబ్బా కూడ ఉన్నడు. మీ పక్క కుర్చీలనే కూసున్నడు. తప్పనిపిస్తుందా అని ఆయన్ని ఒక్కనాడన్న అడిగిన్రా? అవి మీ రోజులే కావు, మావి కూడ.”

యాంకరు ప్రకటనలకి వెళ్దామన్నాడు. తిరిగి వచ్చాక ఆమెకేం కావాలో అడిగాడు.

“నాకు ఎవ్వరినీ జైల్ల పెట్టేది లేదు. మాఫీ గూడ అక్కర్లేదు. అది మళ్ల టీవీల రావద్దు, అంతే. నా బిడ్డ నూరీన్ మూడో తరగతి సదువుతుంది. బడి మార్చిన, ఇంట్ల టీవీ తీసేసిన. ఆ పేరు ఇప్పటిదాంక దాని చెవిల పడలే. పడొద్దు.”

ఇక నన్ను పెట్రోలు పోసి తగలబెడతారనుకున్నాను. మనుషుల తెలివిని తక్కువ అంచనా వేశాను.

ఛానల్ వాళ్లు పునఃప్రసారం ఆపేశారు. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. చర్చని జనం ఎగబడి చూశారని లెక్క తేలింది. అది తేలాక క్షమాపణ చెప్పకుండా ఎవరైనా ఊరుకుంటారా? మా తెలుగువాళ్లకి ఏ పని చేయాలన్నా తెలిసింది ఒకటే పద్ధతి. పుడితే సభ, రిటైరైతే సభ, పోతే సభ. క్షమాపణకీ సభే పెట్టారు. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, జ్యోతి ప్రజ్వలన, వందన సమర్పణ. వేదిక వెనక ఫ్లెక్సీలో కుటుంబేశ్వరరావు చేతులు జోడించిన ఫొటో నిలువెత్తున వేయించారు. మబ్రూక్ ఫొటో దొరకలేదట. ఆయన ఏసీ గార్డ్స్‌లోనే ఉన్నాడు, ఆటో ఎక్కితే ఫొటో దొరికేది.

మబ్రూక్ పాత షేర్వానీ వేసుకుని, కర్ర పట్టుకుని వచ్చాడు. సయీదా రాలేదు, నూరీన్‌ని రానివ్వలేదు. నానాకి, అంటే తాతకి, సన్మానమట అని మాత్రం పిల్లకి చెప్పిందట. కెమెరామన్ ఒకసారి చూసి, “పెద్దాయన ముఖం కెమెరాలో పడట్లేదు, కొంచెం తెల్లగా చేయండి” అన్నాడు. మేకప్ అమ్మాయి పౌడరు డబ్బాతో వచ్చింది. ఆమె అడగకముందే మబ్రూక్ చెంప తిప్పి ఇచ్చాడు.

కుటుంబేశ్వరరావు ఆయన కాళ్లమీద పడి ఏడ్చాడు. చక్కగా ఏడ్చాడు, అబద్ధం చెప్పను. కొంత నిజంగానే ఏడ్చాడు. సభ మొత్తం కళ్లు తుడుచుకుంది. మబ్రూక్‌కి శాలువా కప్పారు, దండ వేశారు, జ్ఞాపిక ఇచ్చారు. ఆయన ఏదో చెప్పాలని వచ్చాడు. ఆటోలోంచి దిగినప్పట్నుంచీ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. మైకు కోసం చెయ్యి చాపాడు. అధ్యక్షుడు ఆ చేతిలో పళ్లబుట్ట పెట్టాడు.

ఆ వానాకాలంలోనే మబ్రూక్ పోయాడు. ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు.

కుటుంబేశ్వరరావుకి మాత్రం దశ తిరిగింది. కాలేజీలు పిలిచాయి, క్లబ్బులు పిలిచాయి, ఒక సబ్బుల కంపెనీ కూడా పిలిచింది. ఊరూరా క్షమాపణ చెప్పుకుంటూ తిరిగాం. మొదట్లో నన్ను చేత్తో ఎత్తి చూపించి, “ఇదీ నా పాపం” అనేవాడు. వెనక వరసల వాళ్లకి కనబడటం లేదన్నారని తలకి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కుర్రకారుకి పాపం ఏమిటో అర్థం కావాలి కదా అని ఒక్క ‘ఊంగా’ అన్నాడు. హాలు దద్దరిల్లేలా నవ్వింది. తరవాత రెండు అన్నాడు. ఆపై చిన్న గంతు కూడా కలిపాడు. బాగా నవ్వించి, ఠక్కున ఆగి, “చూశారా, మీరు కూడా నవ్వారు” అని ఏడ్చేవాడు. వాళ్లూ సిగ్గుపడి ఏడ్చేవారు. సిగ్గుపడ్డాక మనుషులకి ఎంత హాయిగా ఉంటుందో వాళ్ల ముఖాలు చూస్తే తెలిసేది. సెల్ఫీలు దిగి వెళ్లిపోయేవారు. మబ్రూక్ పోయిన సంగతి చేర్చాక ఏడుపు భాగం ఇంకా బాగా పండింది.

అలా తిరిగి తిరిగి ఈ బడి వార్షికోత్సవానికి వచ్చాం. కరస్పాండెంటు మంచావిడ. పిల్లలకి వర్ణవివక్ష గురించి చిన్నప్పుడే తెలియాలని ఆవిడ ఆశయం. వేదిక ఎక్కేముందు ఆవిడ కుటుంబేశ్వరరావు చెవిలో ఒక శుభవార్త చెప్పింది. “మబ్రూక్ గారి మనవరాలు మా బడిలోనే చదువుతోందండీ!” ఆయన కళ్లు వెలిగాయి. తల్లిని ముందు అడగాలన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు. మంచి పనికి అనుమతులేమిటి?

నేను తలమీదికెక్కాను. గంతు వేశాడు, ఊంగా అన్నాడు. మైదానం నిండా పిల్లలు. వాళ్లలో ఒక్కరు కూడా అంతకుముందు ఆ పేరు విని ఎరగరు. “ఎవరీ బొగ్గేశం?” అని ఆయనే అరిచి, “నేనే!” అని ఆయనే గంతేశాడు. పిల్లలు నవ్వి నవ్వి ఒకరిమీద ఒకరు పడ్డారు. మధ్య వరసలో నూరీన్ కూడా నవ్వింది. తరవాత పక్క పిల్ల తనవైపు తిరిగి చూసింది. ఆ వెనక పిల్ల చూసింది. చూపులు ఒక్కొక్కటే వచ్చి నూరీన్ దగ్గర ఆగాయి. ఎందుకు చూస్తున్నారో తెలియక ఆ పిల్ల తన గౌను సవరించుకుంది.

“నూరీన్! రా తల్లీ, పైకి రా!” అని పిలిచాడు కుటుంబేశ్వరరావు.

పిల్ల వచ్చింది. రెండు జడలు వేసుకుని, తెల్ల రిబ్బన్లు కట్టుకుని, అవార్డు ఇస్తారనుకుంటూ వచ్చింది. ఆయన ఏడుస్తూనే నన్ను తలమీంచి తీశాడు. “ఈ వేషం నీ తాతది. నేను లాక్కున్నాను. ఇవాళ దీన్ని నీకే అప్పగిస్తున్నాను” అంటూ ఆ జడలమీద నన్ను పెట్టాడు. కరస్పాండెంటు లేచి చప్పట్లు కొట్టింది. అందరూ లేచి కొట్టారు. నా కింద ఆ చిన్న తల వేడిగా, కదలకుండా ఉంది.

సయీదా డ్యూటీ దిగి అప్పుడే గేటు దాటి వచ్చింది. వేదిక మీద ఎవరున్నారో చూసింది, పరుగెత్తింది. కుర్చీలు తోసుకుంటూ మెట్లెక్కి నన్ను లాగిపారేసింది. రిబ్బనొకటి నాతోపాటు ఊడొచ్చింది. ఫొటోగ్రాఫరు, “మేడమ్, మీరు కూడా పాపతో నిలబడండి, అందరూ వస్తారు” అన్నాడు.

నూరీన్ తల్లి చెయ్యి పట్టుకుని పైకి చూసింది. “అమ్మీ, బొగ్గేశం అంటే ఎవరు?”

మైకు దగ్గర్లోనే ఉంది. మైదానమంతా వినబడింది. ఎంత ముద్దుగా అడిగిందో అని తల్లిదండ్రులందరూ నవ్వారు.

చర్చలో అందరి నోళ్లూ మూయించిన మనిషి, సయీదా, పెదవులు విప్పింది. పిల్ల ఎదురు చూస్తూనే ఉంది.

“నేను చెప్తా బంగారూ” అన్నాడు కుటుంబేశ్వరరావు. కళ్లు తుడుచుకుని, మైకు అందుకుని, ఆ పిల్ల ముందు మోకాళ్లమీద కూర్చుని, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.