మత్తు దిగకముందే

"మెషీన్లో బట్టలు తడిగానే ఉన్నాయి. మా అమ్మకి మధ్యాహ్నం రెండింటికి వెయ్యాల్సిన చుక్కలు ఇంకా పడలేదు. ఇంతకీ వస్తున్నావా?" అన్నాడు భర్త ఫోన్లో. ఆపరేషనైన కంట్లో రెండు చుక్కలు వెయ్యాలంటే అయ్యగారికి చేతులు వణుకుతాయట! స్టీరింగు మీద మాత్రం వణకవు.

అప్పుడు డాక్టరమ్మ ఐసీయూలో ఉంది. మెదడులో నరం చిట్లిన పేషెంటు, కుట్టుపని చేసుకునే మనిషి. మెదడు పూర్తిగా చచ్చిపోయిందో లేదో తేల్చాలి. ముందు మత్తుమందు ఒంట్లోంచి దిగిపోయి ఉండాలి, లేకపోతే బతికున్న మెదడు కూడా ఉలకదు, పలకదు. మొదట చేర్చిన ఆసుపత్రివాళ్ళు మందు ఎప్పుడాపారో రాయలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈలోగా మళ్ళీ భర్త. పేషెంటు సంగతి చెప్పింది. "అదెలాగూ పోయిన ప్రాణం. నువ్వు తెములు, మా అమ్మ కన్నన్నా దక్కుతుంది." ఆ గొంతు వింటే పరిగెత్తడమే పదేళ్ళుగా ఆమెకి అలవాటు. పరీక్ష కాగితంలో "మత్తు లేదు" అన్న గడిలో టిక్కు పెట్టేసింది. లైటు వేస్తే కనుపాప కదల్లేదు. వెంటిలేటరు తీసి చూస్తే సొంతంగా ఊపిరి రాలేదు. బయట కూర్చున్న పేషెంటు అక్కతో, "ఆమెకిక ఏదీ వినపడదమ్మా. రూలు ప్రకారం రేపు ఇంకోసారి చూస్తాం" అనేసి ఇంటికి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున ఆ మొదటి ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. మత్తుమందు ఆపింది అంబులెన్సు ఎక్కించే ముందేనట. పరీక్షకి రెండు గంటల ముందు! డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"ఫలితం ఎటూ మారదు. మందు ముందే ఆపినట్టు టైము రాసెయ్," అన్నాడాయన. "అందుకే ఆడవాళ్ళకి ఈ డ్యూటీలొద్దంటాను. బుర్ర ఇంట్లోనే ఉంటుంది." కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది. బుర్రని ఇంట్లో కట్టేసిందెవరో ఈయన అడగడు, నిజమే, కానీ టిక్కు పెట్టిన చెయ్యి తనదేగా! కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, కింద తన తప్పు రాసి సంతకం పెట్టింది. ఇంటినుంచి ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు. మందు పూర్తిగా దిగేదాకా ఆగి, మూడోరోజు ఇంకో డాక్టరుని పక్కన పెట్టుకుని అంతా మొదటినుంచీ చేసింది. జవాబు అదే.

అక్కని కూర్చోబెట్టి జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆవిడ అరవలేదు, తిట్టలేదు.

"అంబులెన్సు ఎక్కిన దగ్గర్నుంచీ దాని చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను డాక్టరుగారూ. వినపడదన్నారని మానేశాను. మధ్యలో అది నా మాటకోసం ఎదురుచూసి ఉంటుందా?"

లేదమ్మా అంటే ఇద్దరి ప్రాణాలూ కుదుటపడేవి.

"తెలీదు," అంది డాక్టరమ్మ. "తెలుసుకునేంతసేపు నేను ఆగలేదు."