మంచు మీద రివర్సు

నేను ఒక విజిల్‌ని. కండక్టరు విజిల్‌ని. సినిమా హాల్లో ఈల వేసే కుర్రకారుకూ నాకూ చుట్టరికం కలపకండి. వాళ్ళు వేస్తే పక్కవాళ్ళు చెవులు మూసుకుంటారు. నేను కూస్తే అరవై మందిని మోస్తున్న బస్సు కదులుతుంది.

నా ఒళ్ళు ఇత్తడి, పైన నికెల్ పూత. కడుపులో శనగగింజంత బెండు ఉండ ఒకటి ఉంటుంది. అది గిరగిరా తిరిగితేనే నాకు గొంతు. మొదట నన్ను కొన్నది ఒక డ్రిల్లు మాస్టారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, నన్ను ఊది పిల్లల్ని ఎండలో పరుగెత్తించేవాడు. మనుషుల సంగతి నాకు అక్కడే కాస్త అర్థమైంది. మేనల్లుడికి కండక్టరు ఉద్యోగం రాగానే నన్ను అతని చేతిలో పెట్టాడు. ఆ మేనల్లుడు కోరాడ జోగారావు.

జోగారావు ఎక్కిన బస్సుకు డ్రైవరు పేడాడ తవిటినాయుడు. ఏడాది తిరక్కుండానే జోగారావు అక్క ఎర్నమ్మను చేసుకుని బావ కూడా అయ్యాడు. ఇక చూడండి, శ్రీకాకుళం జిల్లాలో ఆ ఒక్క రూటు మీద బావా బావమరుదులు ముప్పై ఏళ్ళు తిరిగారు. నేను ఒకటి కూస్తే బస్సు ఆగాలి, రెండు కూస్తే పోవాలి. రివర్సుకు లెక్క వేరు. పొట్టి కూతలు పడుతున్నంతసేపు వెనక్కి రావాలి, పొడుగు కూత పడితే బ్రేకు వెయ్యాలి. తవిటినాయుడు దానికి కట్టుబడి ఉండేవాడు. "అద్దాలు మొకం సూసుకోడానికిరా. రివర్సుకి మా జోగుడున్నాడు" అని బస్టాండంతా చెప్పుకునేవాడు. ఆ బస్సును నడిపేది నేనేనని నాకూ కొంచెం పొగరుండేది.

అంతా బాగానే ఉండేది, తవిటినాయుడి ఆఖరి డ్యూటీ రోజు రాకపోతే. ముప్పై ఏళ్ళలో ఒక్క గీత కూడా పడని డ్రైవరని సాయంత్రం సభ పెట్టి పతకం ఇస్తామన్నారు. బస్సుకు బంతిపూల దండ కట్టారు. డిపోలో బస్సును వెనక్కి పెడుతుండగా పొడుగు కూత పడలేదు. బస్సు వెళ్ళి గోడను గుద్దింది. గోడ కూలింది, పతకం పోయింది.

"నువ్వూదనేదు" అన్నాడు తవిటినాయుడు.

"నానూదాను. నీకే సెముడు" అన్నాడు జోగారావు.

నిజం నాకు తెలుసు. ఆ క్షణంలో జోగారావు నోట్లో ఉన్నది నేను కాదు, మిరపకాయ బజ్జీ. వేడిది, సగం కొరికింది. మింగలేక, ఉమ్మలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే గోడ కూలింది. ఆ మాట చెప్పేస్తే పోయేది. కానీ మనిషి ఒక అబద్ధం ఆడాక దాన్ని కన్నబిడ్డలా సాకుతాడు. అలా మూడేళ్ళు సాకాడు. బావ ఇంటి గుమ్మం తొక్కలేదు, ఆ బావ ఇతని గుమ్మం తొక్కలేదు. మధ్యలో ఎర్నమ్మ నలిగిపోయింది.

ఒకనాడు ఆవిడకు విసుగు పుట్టింది. హిమాలయాల్లో హిమానీనదాలున్న ఒక జాతీయ ఉద్యానవనంలో, గుడిసె నుంచి గుడిసెకు నాలుగు రోజులు నడిచే యాత్ర ఉందని ఎవరో చెప్పారు. ముగ్గురికీ పేర్లు రాయించేసింది. "ఇద్దరూ రండి. అక్కడ అలిగి ఎల్లిపోడానికి సందు గొందు ఉండదు" అంది. అక్క మాట కాదంటే జోగారావుకూ, పెళ్ళాం మాట కాదంటే తవిటినాయుడికీ ఇంట్లో చోడి అంబలి, అదే రాగి జావ, కూడా పుట్టదు. బయల్దేరారు. అలవాటు కొద్దీ జోగారావు నన్ను మెడలో వేసుకున్నాడు.

మొదటి రోజు దేవదారు చెట్ల మధ్య నడక. ముందు గైడు బీరూ, యాభై దాటిన కొండమనిషి. వెనక తవిటినాయుడు, అతని వెనక ఎర్నమ్మ, చివర జోగారావు. బస్సులో ఎవరి చోటు వారిదే అన్నట్టు నడిచారు. గుడిసెలో ఉప్పు కావాలన్నా "మీ తమ్ముణ్ణి అందియ్యమను", "మీ ఆయన్ని తీసుకోమను" అని ఎర్నమ్మ మీదుగానే పోయేది. ఆవిడ రెండో గుడిసెలో ఉప్పు డబ్బా తీసి దిండు కింద దాచేసింది. ఇద్దరూ చప్పటి పప్పు మాట్లాడకుండా తిన్నారు.

మూడో రోజు చెట్లు అయిపోయాయి. రాళ్ళూ, బూడిదరంగు మంచూ, ఆ మంచు కింద ఎక్కడో నీళ్ళ హోరు. ఒక చోట బీరూ ఆగి, ముందు పరుచుకున్నది గట్టి మంచు కాదనీ, ఏటి మీద కట్టిన పొర అనీ, కింద బోలుగా ఉంటుందనీ హిందీలోనూ చేతులతోనూ చెప్పాడు. తాను అవతలివైపు మంచి దారి వెతికి వస్తానన్నాడు. వచ్చేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. అతను అటు వెళ్ళాడు, ఇటు పొగమంచు దిగింది.

జోగారావుకు ఊరికే నిలబడటం చేతకాదు. నన్ను చూశాడు. నా కడుపులో ఉండ గడ్డకట్టి కదలడం లేదు. నోట్లో పెట్టుకుని వెచ్చబరిచి, ఉండ ఊడిందో లేదో చూద్దామని చిన్నగా ఊదాడు.

రెండు కూతలు పడ్డాయి.

ముందు వీపు తిప్పి నిలబడ్డ తవిటినాయుడు, మూడేళ్ళుగా ఈ విజిలు మీద దుమ్మెత్తిపోస్తున్న తవిటినాయుడు, రైట్ అనుకుని బయల్దేరాడు! చక్కగా ఆ పొర మీదికి. ఎర్నమ్మ కేక పెట్టేలోపు పదకొండు అడుగులు వేసేశాడు. అప్పుడు ఎడమకాలు మోకాటిదాకా దిగిపోయింది.

అతను కాలు పీక్కుని బిగుసుకుపోయాడు. వీపు మీద తలకు మించిన సంచి. పక్కకు తిరగలేడు, తన పాదాలు తనకు కనపడవు. వచ్చిన అడుగులు మాత్రం మంచులో గుంటలుగా ఉన్నాయి. అవి ఒకసారి మోశాయి గనుక మళ్ళీ మోస్తాయని ఆశ. వాటిల్లోనే వెనక్కి అడుగు వేస్తూ రావాలి. ఆ గుంటలు కనిపించేది జోగారావుకు. నీళ్ళ హోరులో మాట అటు పోవడం లేదు. గాలి ఇటు వీస్తోంది గనుక అతని తిట్లు మాత్రం మాకు అందుతున్నాయి.

జోగారావు పొట్టి కూత వేశాడు. తవిటినాయుడు కదల్లేదు.

"నీ కూత నమ్మి ఓపాలి మునిగాను, సాల్రా!" అని అరిచాడు.

జోగారావు పెదవులు వణికాయి. అవి చలికి వణకలేదని నా మీద పడ్డ కన్నీటి చుక్కే చెప్పింది.

"ఊదరా తమ్ముడూ, ఆపకు" అంది ఎర్నమ్మ.

మళ్ళీ పొట్టి కూతలు. చాలాసేపటికి తవిటినాయుడు కుడికాలు ఎత్తి వెనక్కి పెట్టాడు. గుంటలో పడింది. ఇంకో అడుగు. పాదం పక్కకు పోతుంటే పొడుగు కూత, కాలు గాలిలోనే ఆగేది. సర్దుకుంటే పొట్టి కూత. ఆరో అడుగు దగ్గర పక్కన మంచు పెళ్ళ విరిగి కింద నీళ్ళలో పడింది. ఆ మనిషి ఆగలేదు, ఎందుకంటే నేను ఆగమనలేదు. తిరిగొచ్చిన బీరూ ఒడ్డున నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పదకొండో అడుగు రాతి మీద పడగానే జోగారావు పొడుగు కూత వేసి, బావ సంచి పట్టుకుని కూలబడ్డాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

సాయంత్రం మూడో గుడిసెలో టీ తాగుతుండగా జోగారావు గ్లాసు కింద పెట్టాడు.

"బావా. ఆ రోజు నానూదనేదు. నోట్లో బజ్జీ ఉంది."

"తెలుసు" అన్నాడు తవిటినాయుడు. "అద్దంలో సూసాను."

"సూసావా? గోడా సూసావా?"

"గోడా సూసాను."

"మరి బ్రేకెయ్యనేదేటి బావా?"

తవిటినాయుడు టీ ఊదుకుంటూ, "నువ్వూదనేదు గదరా" అన్నాడు.

జోగారావు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఎర్నమ్మ ఇద్దరికీ చెరో దెబ్బా వేసి, బూతులు తిట్టి, వెంట తెచ్చిన చోడిపిండితో రొట్టెలు కాల్చి పెట్టింది. నాకైతే గర్వం మొత్తం దిగిపోయింది. నాకొక్కడికే తెలుసనుకుని మూడేళ్ళు మోసిన రహస్యం ఆ డ్రైవరు దగ్గర మొదటినుంచీ ఉంది.

మర్నాడు నడక ముగిసి విడిపోయేటప్పుడు బీరూ చేయి చాపి నన్ను అడిగాడు. మంచులో మనిషిని నడిపించే ఇలాంటి విజిలు తన దగ్గర ఉండాలన్నాడు. జోగారావు వెంటనే మెడలోంచి తీసి ఇచ్చేశాడు. "నాకు నోరుందిలే" అన్నాడు. ఆ నోరూ, బావ నోరూ కలిసి లోయలోకి దిగిపోవడం చాలాసేపు విన్నాను.

ఇప్పుడు నేను బీరూ గుడిసె తలుపు పక్క మేకుకు వేలాడుతున్నాను. మొన్న ఒక గుంపు వచ్చింది. బీరూ ఎంతో నమ్మకంగా నన్ను తీసి రెండు కూతలు వేశాడు. ఒక్కడూ కదల్లేదు. ఎందుకు ఊదావని అడిగారు.