కోటిలింగం చేతిలో తెల్లటి వెలుగు

నేను ఒక మూడు బ్యాటరీల టార్చిలైటును. ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. ఒంటికి నికెల్ పూత, ముఖానికి గాజు బిళ్ల, లోపల వెంట్రుకంత తీగ ఎర్రగా కాలే బల్బు. మొదట నన్ను కొన్నది ఒక ఆర్‌.ఎం.పి. డాక్టరు. పదేళ్లపాటు చీరాల గొంతులన్నీ చూశాను, మనుషులు నోరు తెరిస్తే లోపల ఎంత చీకటో అప్పుడే తెలిసింది. ఆయన పోయాక కొడుకు నన్ను సినిమా హాలుకిచ్చి, బదులుగా ఏడాదిపాటు బాల్కనీలో ఊరికే సినిమాలు చూశాడు. తండ్రి గుర్తుకి అతను కట్టిన విలువ అది.

హాల్లో నన్ను అందుకున్నవాడు కోటిలింగం. సినిమా మొదలయ్యాక వచ్చినవాళ్లకి సీట్లు చూపించడం అతని పని. ఇరవై ఆరేళ్లు ఆ అరచెయ్యే నాకు ఇల్లు. అందుకే అతని గుట్టు నాకొక్కడికే తెలుసు. రెండేళ్లుగా అతని రెండు కళ్లకీ శుక్లాలు. ఆపరేషనుకి సెలవడిగితే మేనేజరు బసివిరెడ్డి ఇక ఎప్పటికీ ఇంట్లోనే ఉండమంటాడు. అందరి ఫోన్లలో లైట్లుండగా నువ్వెందుకని ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. అందుకని కోటిలింగం టికెట్ అందుకుని, వేలితో తడిమి, తిరిగిచ్చేవాడు. "నంబరెంతో మీరే చూడండి బాబూ, కళ్లజోడు మర్చిపోయొచ్చా" అనేవాడు. వాళ్లు చదివేవాళ్లు, అతను మెట్లు లెక్కబెట్టుకుంటూ దిగి నన్ను ఓ పక్కకి ఊపేవాడు. నా పసుపు వెలుగు నాలుగు వరసల మీద మసకగా పరుచుకునేది, అందులో తమ సీటేదో వాళ్లే వెతుక్కునేవాళ్లు. మా ఇద్దరి మసకా కలిసి ఒక ఉద్యోగం నడిచిపోయింది.

బుకింగులో టికెట్లిచ్చే మస్తాన్‌కి కోటిలింగం అంటే ప్రాణం, పాత సామాను బాగుచెయ్యడమంటే అంతకన్నా ప్రాణం. బాబాయ్ తడబడేది నా మసక వల్లేననుకున్నాడు. ఆన్‌లైన్లో వెతికి వెతికి నాకు సరిపోయే ఎల్ఈడీ బల్బు తెప్పించి, పాతది తీసేసి ఇది బిగించాడు. వెలగలేదు. పాత బల్బుకి బ్యాటరీలు ఎటు పెట్టినా ఒకటే, దీనికి తలా తోకా చూడాలి. కోటిలింగం వాటిని ఎప్పుడో తడుముకుంటూ తిరగేసి పెట్టి ఉన్నాడు. మస్తాన్ అది చూసి కూడా ఏ అనుమానమూ లేకుండా నవ్వుకుంటూ సరిచేశాడు. అంతే, నాలోంచి తెల్లటి కడ్డీలా వెలుగు దూకింది.

"ఎట్టుంది బాబాయ్?"

"బాగుందిరా," అన్నాడు కోటిలింగం. నిజానికి ఆ తెలుపుకి అతనికి అప్పటిదాకా కనిపించే నాలుగు నీడలు కూడా చెదిరిపోయాయి. అది చెప్పాలంటే కళ్ల సంగతి చెప్పాలి.

మర్నాడు మ్యాట్నీకి ఓ జంట ఆలస్యంగా వచ్చారు. కోటిలింగం మెట్లు దిగి నన్ను నొక్కాడు. నేను సూటిగా ఒకే ఒక్క సీటు మీద పడ్డాను. అందులో ఒక లావుపాటి ఆయన వేరుశెనక్కాయలు తింటున్నాడు.

"నా ఒళ్లో కూచోబెడతావా ఏంది?"

హాలంతా నవ్వింది. కోటిలింగం కంగారుగా నన్ను పక్కకి తిప్పితే అక్కడో ముసలామె, ఇంకా నవ్వారు. తెర మీద హీరో తల్లి చచ్చిపోతోంది, ఆమెనెవరూ పట్టించుకోలేదు. తలుపు దగ్గర నిలబడి బసివిరెడ్డి అంతా చూశాడు.

ఇంటర్వెల్లో అతన్ని మెట్ల కింద క్యాంటీన్ దగ్గరికి పిలిచి, చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"ఈ టికెట్టు ఏ సీటుదో చదువు. కొత్త లైటుంది కదా."

కోటిలింగం నన్ను దగ్గరికి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎఫ్ పద్నాలుగు సార్."

అది సమోసా చుట్టిన కాగితం ముక్క. నూనె మరక తప్ప దాని మీద ఏమీ లేదు. ఆ మరకని నేనెంత బాగా చూపించానంటే చుట్టూ ఉన్న పాతికమందీ చూశారు. అందరికన్నా ముందు నవ్వింది మస్తాన్, బాబాయ్ ఎగతాళికి అన్నాడనుకుని. కోటిలింగం ఆ నవ్వు వచ్చినవైపు తిరిగాడు. మస్తాన్ నోరు మూసుకునేలోగా మిగతావాళ్లు అందుకున్నారు.

"ఇంక ఇంటికెళ్లు కోటిలింగం. టార్చి ఇక్కడ పెట్టు, అది హాలుది."

"ఆట అయిందాకా ఉంటా సార్. ఇప్పుడే పోతే ఇంట్లో ఎందుకొచ్చావంటారు."

"ఉండు. టికెట్టు కొనుక్కుని ఉండు."

సాయంత్రం ఆటకి నన్ను మస్తాన్ చేతికిచ్చారు. వారంపాటు నన్ను నొక్కేముందు బాబాయ్ నిలబడే చోటు వైపు చూసేవాడు, తర్వాత మానేశాడు. ఇప్పుడు ఎవరి సీటు వాళ్లకి చక్కగా దొరుకుతోంది. మొన్నొకాయన కూర్చుంటూ, "లైటు భలేగుందయ్యా, ఎక్కడ కొన్నావ్?" అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి. మస్తాన్ నన్ను ఆర్పేసి మెట్లెక్కాడు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, సంతోషమే వేసింది.