ముల్లు సున్నా చూపిన క్షణం

నేను ఒక వేలాడే కాటాను. ఒంట్లో స్ప్రింగు, ముఖాన ముల్లు, కింద కొక్కెం. కొక్కేనికి తగిలించింది ఎంత లాగితే అంత చెబుతాను. అంతకుమించి నాకేమీ తెలియదు. సముద్రపు ఒడ్డునున్న ఈ అంగన్‌వాడీకి వచ్చినప్పుడు, అప్పటి టీచరమ్మ నన్ను సంచిలోంచి తీయకుండానే పుస్తకంలో బరువులు రాసేసేది. ఆ పుస్తకంలో పిల్లలంతా భలే బొద్దుగా పెరిగారు!

తర్వాత వచ్చిన సుగుణ టీచరు అలాంటిది కాదు. ఈ ఊరి పోలమ్మ కూతురు, ఐదు నెలల పాప, రెండు నెలలుగా బరువు తగ్గిపోతోందని ఆమే కనిపెట్టింది. ఈసారి ఐదు కిలోలు లేకపోతే పట్నం ఆసుపత్రికే అంది. తూకం వేసే ఉదయం నన్ను దూలానికి కట్టింది పాప తాత దానయ్య. జీవితమంతా పడవలను ఒడ్డున గుంజలకు కట్టిన చేతులాయె, అలవాటుగా ఒక్క లాగుతో ఊడే ముడి వేసేశాయి. ఎవరూ చూడలేదు. తాడు కొస నా పక్కనుంచి కిందికి, పాప ముఖం వచ్చే చోటికే వేలాడుతోంది.

పాపను గుడ్డ ఉయ్యాలలో వేసి నా కొక్కేనికి తగిలించారు. పోలమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుని నా ముల్లునే చూస్తోంది.

"ఐదూ రెండొందలు!" అంది టీచరు.

అప్పుడే పాప గుప్పిట్లోకి తాడు కొస వెళ్లింది. నేను చూశాను. అరవడానికి నాకు నోరేదీ? పాప లాగింది.

ఇద్దరం పడిపోయాం. ముల్లు సున్నాకి దూకింది. పాప బరువు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. భూమి మా ఇద్దరినీ ఒకే తీరున లాగుతోంది. నేనూ పడుతుంటే పాప నన్ను లాగేదెలా? ఆపేవాళ్లు ఉంటేనే బరువు తెలుస్తుంది. అంతరిక్షంలో తేలేవాళ్లను కూడా భూమి వదిలేయలేదు. వాళ్లూ పడుతూనే ఉన్నారు. కాకపోతే పక్కకు ఎంత వేగంగా పోతున్నారంటే, వాళ్లు పడేకొద్దీ నేల కిందికి ఒంగి తప్పుకుంటూనే ఉంటుంది. మాకు మాత్రం మూడడుగుల కిందే గచ్చు.

పోలమ్మ మోకాళ్ల మీద దూకింది. పాప బరువంతా ఒక్కసారిగా ఆమె చేతుల్లో దిగింది. నేను ఆమె భుజానికి కొట్టుకుని పక్కన పడ్డాను. నా అద్దం పగిలింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నాకు ప్రాణం కుదుటపడింది.

"ఒలమ్మో! నా సేతులిరిగిపోను! పడవకేసే ముడేసీసినాను!" అని దానయ్య తల బాదుకున్నాడు.

టీచరు నన్ను ఎత్తింది. "మరోసారి తూచి చూద్దాం పోలమ్మా, సరిగ్గా రాసుకోవాలి కదా."

పోలమ్మ పాపను గుండెకు ఇంకా గట్టిగా అదుముకుంది.

"వద్దు టీచరమ్మా. ఇదెంత బరువో నా సేతులకి తెలిసిపోనాది. మరి కిందకి దించను."