కంటి వెనక పోగులు

అమీర్‌పేటలో ఓంప్రకాష్ మ్యాచింగ్ సెంటర్‌కు గిరాకీ వచ్చేది అతని భార్య పూజ కళ్లను నమ్మే. చీర అంచు ఒక్కసారి చూసి, అరలోంచి సరిగ్గా అదే రంగు జాకెట్టు గుడ్డ తీసేది. దుకాణానికి అసలు పెట్టుబడి ఆ చూపేనని అతని లెక్క.

మాఘం పెళ్లిళ్లప్పుడు ఆమెకు ఎరుపులు తప్పడం మొదలైంది. మిరపపండు రంగు అడిగితే ఇటుక రంగు ఇచ్చేది. కళ్లు తిప్పితే నొప్పి అని కూడా అంది. ఓంప్రకాష్ ట్యూబులైట్లు మార్చాడు. అద్దకం బాగాలేదని తాన్లు వెనక్కి పంపాడు. వెలుతురును, సరుకును అనుమానించాడు గానీ ఆమె కళ్లను అనుమానించడం అతనికి తట్టలేదు. సీజను తగ్గాకే పంజాగుట్టలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండు కళ్ల నరాలూ వాచాయని ఇంజెక్షన్లు ఇచ్చారు.

ఇవాళ మళ్లీ స్కాన్ తీశారు. డాక్టర్ హైందవి పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టింది. మొదటిదాంట్లో ఉబ్బి కనిపించిన కంటి వెనక పొర రెండోదాంట్లో అణిగి ఉంది.

ఓంప్రకాష్ ముఖం విప్పారింది. “వాపు పోయింది గద మేడం. ఇగ శ్రావణానికి దుకాణంల కూసుంటది.”

“వాపు పోయింది ఓంప్రకాష్ గారూ. కానీ పొర ఉండాల్సిన దానికన్నా పల్చబడింది. అదంతా సన్నటి నరాల పోగులు. చాలావరకు దెబ్బతిని పోయాయి.”

అతనిది సిరిసిల్ల నేత ఇల్లు. పోగు తెగితే మగ్గం ఆపి, ముడేసి, మళ్లీ నేయడమే అతనికి తెలుసు.

“తెగిన పోగులు అతకరాదా?”

“ఇవి అతకవండీ.”

“ముందుగాల్నే తోలుకొస్తే?”

“కొంత మిగిలేదేమో. కచ్చితంగా చెప్పలేను.”

ఆ ‘ఏమో’ను లాభంలో రాసుకోవాలో నష్టంలో రాసుకోవాలో అతనికి తెలియలేదు.

మెట్లు దిగుతూ చేయి పట్టుకోబోతే పూజ విదిలించుకుంది. “నడుస్త తియ్యి. లైట్లు మస్తు మార్చినవ్ గద, అన్నీ కనవడుతున్నయ్.”

అతను ఒక మెట్టు వెనకే దిగాడు.

రోడ్డు పక్క చీరల షోరూమ్ ముందు ఆమె ఆగింది. అద్దం వెనక బొమ్మకు పట్టుచీర కట్టి ఉంది.

“గది ఏం రంగు?”

పెళ్లయినప్పటి నుంచి ఆమె అతన్ని రంగు అడగడం ఇదే మొదలు.

“ఎర్రగుంది.”

“ఏ ఎరుపు?”

ఓంప్రకాష్ ముందుకు పోయి, నుదురు అద్దానికి ఆనించి చూశాడు. ఎంతసేపు చూసినా చెప్పలేకపోయాడు.