ఇంకిద్దరొస్తే బయల్దేరుతుంది

ఏలూరు పవరుపేటలో పట్టాభిరామయ్య ఇంటికి వెళ్ళినవాళ్ళెవరూ వెస్టిండీస్ చూడకుండా బయటపడలేదు. మొదట్లో ఆయన కరీబియన్ దీవులు అనేవాడు. వచ్చినవాళ్ళు ఏదో కొత్తరకం టిఫిను పేరు విన్నట్టు మర్యాదగా తలూపేవారు. వెస్టిండీస్ అనడం మొదలుపెట్టాక కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

ఆయనకి ఆకివీడులో చేపల మేత దుకాణం ఉంది. పేరు 'శేషారత్నం ఫీడ్స్'. శేషారత్నం ఆయన భార్య. బోర్డు మీద పేరే కాదు, లైసెన్సు, డీలర్‌షిప్పు అన్నీ ఆవిడ పేరు మీదే ఉన్నాయి. అది ఆడిటరు చెప్పిన ఉపాయం. పట్టాభిరామయ్య మాత్రం భార్య మీద ప్రేమ కొద్దీ పెట్టానని చెప్పుకునేవాడు. కొన్నాళ్ళకి తనే నమ్మాడు. నమ్మడంలో ఆయనకి మంచి చేతివాటం ఉంది.

2007లో మేత కంపెనీవాళ్ళు, ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లని భార్యలతో సహా అమెరికా దాకా విమానంలో తీసుకెళ్ళి, అక్కణ్ణించి పెద్ద ఓడ ఎక్కించి ఆ దీవులన్నీ తిప్పారు. ఓడ ఒక్కో రేవులో పొద్దున్న ఆగి సాయంత్రం కదులుతుంది. ఈలోగా ఓడవాళ్ళే బస్సులు పెట్టి ఊరు చూపించి తెస్తారు. మిగతా డీలర్లంతా ఆ బస్సులెక్కి, సముద్రంలో మునిగి, తోళ్ళు కాల్చుకుని, ఆవకాయ కలుపుకుని హాయిగా తిరిగొచ్చారు.

"షిప్పు వాళ్ళ బస్సెక్కినవాడు గొర్రెండీ," అనేవాడు పట్టాభిరామయ్య. "రేవులో దిగామా, మన కాళ్ళ మీద మనం తిరిగామా. ఇండిపెండెంట్!"

అంతకుముందు ఆ మాటని ఆయన ఇళ్ళ విషయంలోనే వాడేవాడు. అపార్టుమెంటు కాకపోతే ఇండిపెండెంటు. బయల్దేరే ముందు నెట్ సెంటరుకి వెళ్ళి, రేవుల్లో దిగి సొంతంగా తిరగడం గురించి కట్టెడు కాగితాలు ప్రింటు తీయించుకున్నాక ఆ మాట మనుషులకి కూడా పనికొస్తుందని తెలిసింది.

మూడు రేవుల్లో వాన వల్లనో మోకాలి నొప్పి వల్లనో దిగడం కుదరలేదట. అసలు కథ ఆంటిగ్వాది. ఓడ దిగి చేపల బజారుకి నడిచి వెళ్ళడం. చేప మొప్ప ఎత్తి చూడబోతే అమ్మే మనిషి చేతి మీద ఒక్కటేసి నవ్వడం. నవ్వి, వేయించిన ముక్క కాగితంలో పెట్టి ఇవ్వడం. గులాబీరంగు గోడల వీధి దాటి క్రికెట్ మైదానంలోకి వెళ్ళిపోవడం. మహామహులు ఆడిన నేల నడిమధ్య చేతులు చాచి నిలబడడం. అక్కడికొచ్చేసరికి పట్టాభిరామయ్య కుర్చీలోంచి లేచి నిజంగానే చేతులు చాచేవాడు. పైన ఫ్యాను ఉందని శేషారత్నం ఆ సమయానికి స్విచ్చి దగ్గరికి వెళ్ళి నిలబడేది.

మొదటిసారి ఈ కథ చెప్పినప్పుడు ఆయన 'మేం' అన్నాడు. కొన్నాళ్ళకి ఆ 'మేం'లో శేషారత్నం కొంచెం పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది. శీతాకాలం వచ్చేసరికి 'నేను' అయింది. ఇందులో అబద్ధమాడుతున్నానన్న బాధ ఆయనకి లేదు. మనసుకి సొంత ఆస్తికీ కౌలుకి తీసుకున్నదానికీ తేడా చాలాకాలం గుర్తుండదు. దున్నుకుంటూ పోతే చాలు. ఆల్బమ్‌లో ఒక్క ఫొటోలోనూ మీరు లేరేమిటండీ అని ఎవరైనా అడిగితే, "తీసేవాడు ఫొటోలో ఎలా ఉంటాడండీ?" అని గర్వంగానే నవ్వేవాడు. శేషారత్నం కూడా లేదు కదా అని ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక, ఒక ఆదివారం చర్చి అయిపోయిన తర్వాత తాడేపల్లిగూడెం నుంచి వెస్లీ, అతని భార్య రూబీ కారులో వచ్చారు. వెస్లీకీ మేత డీలర్‌షిప్పే. ముప్ఫై ఐదు దాటని మనిషి, డీలర్ల సంఘానికి సెక్రటరీ. క్రికెట్ పిచ్చి. చేతిలో గూడెం పకోడీ పొట్లం, నూనె అప్పుడే కాగితం దాటుతోంది.

వాళ్ళెందుకొచ్చారో పట్టాభిరామయ్యకి వారం ముందే తెలుసు. ఈ ఏడూ అదే ఓడ, అవే రేవులు. వెస్లీ దంపతులకి ఇదే మొదటిసారి. అయితే పోయినేడు బస్సుల్లో ఏమీ చూడలేదని కొందరు గొణిగారట. అందుకని ఈసారి రేవుల్లో అందరినీ నడిపించి ఊళ్ళు చూపించడానికి, వెళ్ళొచ్చిన డీలర్లలోంచి ఒక లీడరుని పంపమని కంపెనీ అడిగింది. ఒక్క సీటు. ఎవరిని పంపాలో వెస్లీ చేతిలో ఉంది.

ఆ సీటు కోసం పట్టాభిరామయ్యకి వారంగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఓడ మీద మోజు కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మైదానంలో తన కాళ్ళ మీద నిలబడితే, ఇన్నాళ్ళూ చెప్పిందంతా వెనక్కి వెళ్ళి నిజమైపోతుంది. ఎలా అవుతుందో అడగకూడదు. అవుతుందంతే. ఆ లెక్క ఆయన లోపలెక్కడో తేలిపోయింది.

"టీ పెడతాను," అంది శేషారత్నం.

"అబ్బే, వద్దండీ పిన్నిగారూ, ఇప్పుడే తాగొచ్చాం," అన్నాడు వెస్లీ.

"భలేవారే! ఇంత దూరం వచ్చి..."

"సరేనండి, మీ మాటెందుకు కాదనడం. సగం గ్లాసే."

ఈ వైపు మొదటి 'వద్దు'కి అర్థమంటూ ఉండదు. అది గొంతు సవరించుకోవడం లాంటిది. అడిగేవాళ్ళు రెండోసారి అడగాలి, వద్దన్నవాళ్ళు అప్పుడు ఒప్పుకోవాలి. మొదటిసారే సరే అన్నవాణ్ణి కరువులో పుట్టాడంటారు. వద్దన్నాక రెండోసారి అడగనివాళ్ళ గురించి మాత్రం ఊరంతా చెప్పుకుంటారు.

టీలు వచ్చాయి. పట్టాభిరామయ్య కథ చెప్పాడు. లేచాడు, చేతులు చాచాడు, ఫ్యాను ఆగింది.

వెస్లీ కళ్ళు మెరుస్తున్నాయి. "అదృష్టవంతులండీ బాబాయిగారూ. అది సరే గాని లోపలికెలా వెళ్ళారండీ? టికెట్టు తీసుకోవాలా? వాచ్‌మన్ని అడగాలా?"

పట్టాభిరామయ్య చేతులు మెల్లగా దిగాయి. కథ ఇన్నిసార్లు చెప్పాడు గాని, అందులో ఆయన ఎప్పుడూ మైదానం మధ్యలోనే తేలేవాడు. గేటు ఉండేది కాదు. శేషారత్నం ఆ సాయంత్రం ఓడలో చెప్పినప్పుడు గేటు సంగతి చెప్పలేదు. తనకీ అడగాలని తోచలేదు.

గేటు కోసం వెతుకుతుంటే ఆయనకి వేరే తలుపొకటి కనిపించింది. తెల్ల వ్యాను తలుపు.

ఆ రోజు రేవు బయటికి రాగానే ఒక డ్రైవరు ఎదురొచ్చి, ఐలాండ్ టూరా బాస్ అన్నాడు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. నవ్వుతూ అడిగినవాడికి కాదని ఎలా చెబుతాం? ఎక్కి కూర్చున్నాడు, పక్కన భార్య. వ్యానులో ఇంకెవరూ లేరు. "టూ మోర్ బాస్, దెన్ వి గో," అన్నాడు డ్రైవరు. ఆ ఇంగ్లీషు పట్టాభిరామయ్యకి వెంటనే అర్థమైంది. పాత బస్టాండు దగ్గర షేర్ ఆటోవాళ్ళు అనేది అదే కదా: ఇంకిద్దరొస్తే బయల్దేరిపోద్దండి. అదే ధీమాతో వెనక్కి ఆనుకున్నాడు.

ఇద్దరొచ్చారు. మరో నలుగురు వస్తే గాని గిట్టదన్నాడు డ్రైవరు. వచ్చిన ఇద్దరూ తెల్లవాళ్ళు, కాసేపు చూసి, తలుపు తీసుకుని దిగి వెళ్ళిపోయారు. అంత తేలిగ్గా దిగిపోవచ్చని పట్టాభిరామయ్య చూశాడు గాని నేర్చుకోలేదు. ఇంతసేపు కూర్చుని ఇప్పుడు దిగితే అతనేమనుకుంటాడు? మంచినీళ్ళ సీసా కూడా ఇచ్చాడు పాపం. ఇంకో ఇద్దరొచ్చారు, ఇంకో ఇద్దరు దిగారు. లోపల ఒక పెద్దమనిషి కుదురుగా కూర్చుని ఉంటే ఎక్కేవాళ్ళకి నమ్మకం కలుగుతుందని కాబోలు, డ్రైవరు ఆయన్నే చూపించి కేకలేస్తున్నాడు.

"కాళ్ళు పట్టేస్తున్నాయండీ. అలా నడిచొస్తాను," అంది శేషారత్నం.

"దూరం పోకు. ఇదిగో, ఇప్పుడే బయల్దేరుతుంది. కెమెరా పట్టుకెళ్ళు, ఇక్కడ ఎండకి పాడవుద్ది."

ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంక. చిన్నప్పుడు దోనెలో ఎవరి లంకకి పోయినా, దిగి ఎటు జనం నడుస్తుంటే అటు నడవడమే. అలాగే నడిచింది. తిరిగొచ్చేసరికి ఎండ పడమటికి తిరిగింది. వ్యాను అక్కడే ఉంది. ఆయన అందులోనే ఉన్నాడు. డ్రైవరుకి ఆయనే, అతని టైము పాడుచేసినందుకు, సారీ చెప్పి దిగాడు.

"గేటా..." అన్నాడు పట్టాభిరామయ్య వెస్లీతో, పైకి చూస్తూ.

"తీసే ఉంటుంది బాబూ," వంటింటి గుమ్మంలోంచి అంది శేషారత్నం. "టికెట్టూ లేదు, ఏమీ లేదు. ఒక ముసలాయన రోలరు మీద కూర్చుని సిగరెట్టు కాల్చుకుంటున్నాడు. వెళ్ళనా అని చేత్తో అడిగితే, వెళ్ళు తల్లీ అన్నట్టు చెయ్యూపాడు."

తల్లీ అన్న మాట గదిలో కాసేపు ఫ్యానుకి వేలాడింది.

రూబీ పకోడీ నములుతూనే ఆవిడ వైపు తిరిగింది. "రేవు నుంచి దూరమా పిన్నిగారూ?"

"మనం ఇక్కణ్ణించి స్టేషనుకి నడిచినంత. రేవు దాటగానే వ్యానులవాళ్ళు చుట్టుముడతారు. నవ్వి నో అనాలమ్మా, ఒక్కసారే. వాళ్ళేమీ అనుకోరు, నవ్వుతారు. బస్సులాగే చోటు పక్కనే చేపల బజారు. మొప్పలు మాత్రం ఎత్తకు. నా చెయ్యి రెండ్రోజులు మండింది."

"బాబాయిగారి చెయ్యి మీద కదండీ వేసింది?" అన్నాడు వెస్లీ, అమాయకంగా.

"ఆఁ, ఇద్దరి మీదా," అంది శేషారత్నం, వెంటనే. ఆ వెంటనే అనడంలో ఆవిడ సంసారమంతా ఉంది.

వెస్లీ తన భార్య వంక చూశాడు. రూబీ పొట్లం వంక చూసింది. నవ్వు ఆపుకోవాలంటే గూడెం పకోడీ మంచి సాధనం, నోరు ఖాళీ ఉండదు.

"సరేనండీ, వచ్చిన పని చెబుతాను," అన్నాడు వెస్లీ, గ్లాసు కిందపెట్టి. "ఈసారి లీడరుగా మీరే రావాలండీ బాబాయిగారూ."

పట్టాభిరామయ్య గుండె మైదానం మధ్యకి పరిగెత్తింది. నోరు మాత్రం అరవై ఏళ్ళుగా నడిచిన దారినే పోయింది.

"అబ్బే, నాకెందుకండీ ఈ వయసులో? ఎవరైనా కుర్రాళ్ళని చూసుకోండి."

అని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, చిరునవ్వుతో, రెండోసారి కోసం కూర్చున్నాడు.

వాన జోరు పెరిగింది. వెస్లీ తల వంచాడు. "మీరలాగే అంటారని దారిలో అనుకున్నామండీ. పెద్దవాళ్ళు, మోకాలి నొప్పి కూడా అన్నారు. బలవంతపెట్టడం మర్యాద కాదు."

బలవంతపెట్టడమే మర్యాదని పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. వెస్లీకి మరీ బాగా తెలుసు. పట్టాభిరామయ్య నోరు తెరిచాడు. ఇప్పుడు వస్తానంటే, ఇందాక వద్దన్నది ఉత్తుత్తి అని ఒప్పుకున్నట్టు. ఇంత మాట అన్నాక ఇప్పుడు లేస్తే వీళ్ళేమనుకుంటారు? తెరిచిన నోటిలో ఒక పకోడీ పెట్టుకున్నాడు.

"అయితే పిన్నిగారూ," అంది రూబీ, "కాగితాల్లో డీలరు మీరే కదా. మీరు రండి. మా అమ్మ కూడా మా ఖర్చుతో వస్తోంది, ఇద్దరూ ఒకే గదిలో ఉందురు గాని."

పట్టాభిరామయ్య భార్య వంక ధైర్యంగా చూశాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ పక్కింటివాళ్ళ శనగలు కూడా ముమ్మారు వద్దని గాని పుచ్చుకోలేదు. ఇప్పుడూ వద్దంటుంది. అప్పుడు మాట మళ్ళీ తన దగ్గరికే వస్తుంది.

"వస్తానమ్మా," అంది శేషారత్నం.

ఒక్కసారి అడిగితేనే. తనే ఉలిక్కిపడినట్టు కొంగు సర్దుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత మాటలు ఆడవాళ్ళిద్దరి మధ్యే నడిచాయి. ఎలాంటి చెప్పులు, ఎండకి గొడుగు పనికొస్తుందా, నో అనేటప్పుడు తల కూడా అడ్డంగా ఊపాలా. వెళ్ళేటప్పుడు పట్టాభిరామయ్య గొడుగు పట్టుకుని కారు దాకా వెళ్ళాడు. వెస్లీ అద్దం దించి, "ఉంటామండీ బాబాయిగారూ," అన్నాడు. ఆయన కారు తలుపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎవరైనా ఏదైనా మరిచిపోయి ఉంటే గుర్తు చేసుకోవడానికి అంత సమయం చాలు. కారు కదిలింది.

లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. శేషారత్నం ఖాళీ గ్లాసులు తీస్తోంది. ఆవిడ ఏమైనా అంటే బావుండును. అంటే కోప్పడవచ్చు, కోప్పడితే ఆవిడ తగ్గవచ్చు, తగ్గితే...

"మళ్ళీ కొంచెం టీ పెట్టమంటారా?" అంది.

"వద్దులే," అన్నాడు పట్టాభిరామయ్య, ముక్తసరిగా.

"సరేనండీ," అని ఆవిడ లోపలికి వెళ్ళింది.

ఆయన గుమ్మం వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. వంటింట్లో గ్లాసులు కడిగిన చప్పుడైంది. అవి బోర్లించిన చప్పుడైంది. స్టవ్ వెలిగించిన చప్పుడు ఇంకా కాలేదు.