కొసరు లేని అరగంట

ఆదివారం సాయంత్రం ఆయన ఫోను ముందు కూర్చున్నాడంటే ఇక ఎవరితోనూ పనిలేదు. టీ తాగడం, ముక్కు చీదుకోవడం, గుమ్మంలోకి వచ్చినవాళ్లను సాగనంపడం, అన్నీ అంతకుముందే అయిపోవాలి. ఆన్‌లైన్ గ్రూపులో ఒక మాట ఇస్తాడు. మిగతావాళ్లు దానిమీద అరగంటలో కథో కబురో రాసి, ఆ పోస్టు కిందే కామెంటుగా పెట్టాలి. బహుమతులేవీ లేవు. బాగుందని నలుగురు అంటే అదే బహుమతి.

గ్రూపు ఆయనది కాదు, భార్యది. పసిపిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి. బడి మానేశాక ఊరికే ఉండలేక, ముక్కూమొహం తెలియనివాళ్లను పోగేసి ఈ పోటీ మొదలుపెట్టింది. గడువు కాగానే "కొసరు ఇస్తున్నా, పరిగెత్తండి" అని రాసేది. కొసరంటే ఎంతసేపో ఎవరికీ తెలియదు. అందరూ వచ్చేశారని ఆమెకు అనిపించేదాకా. "ఆ సంబడానికి అరగంట అనడం దేనికి?" అని పక్క కుర్చీలోంచి ఆయన గొణిగేవాడు. ఆమె వినపడనట్టు ఊరుకునేది.

ఆయన బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయినవాడు. మూటలు నెత్తిన పెట్టుకుని జనం పరిగెత్తుకొస్తుంటే, చూస్తూనే విజిలేసి బస్సు పంపేసినవాడు. ఆమె పోయాక గ్రూపు ఆయన చేతికొచ్చింది. కొసరు పోయింది. ఎప్పుడో రాసుకున్నవి తెచ్చి అతికించేవాళ్ల పని పట్టడానికి ఇంకో నియమం కూడా వచ్చింది. ఏది రాసినా నేరుగా కామెంటు పెట్టెలోనే కొట్టాలి. విడిగా రాసి తెచ్చారని అనుమానం వస్తే తీసేస్తాడు. అందరూ ఆయన్ని కంట్రోలరుగారనే పిలిచేవారు. అందులో భయం కొంత, వెక్కిరింత కొంత.

ఆ ఆదివారం ఇచ్చిన మాట "తలుపు".

"కంట్రోలరుగారూ, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లకు చోటుందా?" అని మందులషాపాయన కొట్టాడు.

"కథ రాయండి. కబుర్లు వద్దు."

"విజిల్ పడింది, లోపలికి జరగండి" అందొక నర్సు.

ఒకటొకటే వచ్చాయి. గడువు కాగానే ఆయన "ముగిసింది" అని కొట్టాడు. ఆ తర్వాత కామెంట్లు మూయడం ఎక్కడో వెతుక్కుంటున్నాడు. ఆ సందులో ఒకటి వచ్చి పడింది. పొడుగాటిది. బట్టలు కుట్టే ఆవిడ రాసింది. దుకాణంలో కూర్చుని ఒంటివేలితో కొట్టే మనిషి, ఎప్పుడూ ఆఖరే. కొసరున్న రోజుల్లో దాన్ని అందరికంటే ఎక్కువ వాడుకున్నది ఆవిడే.

ఆయన చదవలేదు. ఆలస్యంగా వచ్చినవి చదవడు. చదివితే తీసేయడానికి చెయ్యి రాదని ఆయనకు తెలుసు. నొక్కాడు. పోయింది.

కాసేపటికి మరదలు ఫోన్ చేసింది. భార్య చెల్లెలు. గ్రూపులో ఒక్క ముక్క రాయదుగానీ ఒక్కటీ వదలకుండా చదువుతుంది.

"బావా, టైలరమ్మ రాసింది ఏది? ఇలా కనపడింది, అలా మాయమైంది."

"ఆలస్యం. తీసేశా."

"చదివే తీశావా?"

"తీసేసేదానికి చదవడం ఎందుకు?"

"అక్క గురించి బావా అది! రెండు ముక్కలు చదివానో లేదో, గుటుక్కున మింగేశావు."

"ఏమని రాసింది?"

"టీచరమ్మ తన గదికి ఎప్పుడూ గడియ పెట్టుకునేది కాదట, ఒక్క రోజు తప్ప. ఆ రోజు గడియ పెట్టుకుని ఈవిడకి ఫోన్ చేసిందట. అంతవరకే చూశా. కింద ఇంకా చాంతాడంత ఉంది."

"ఏ రోజట?"

"నన్నడుగుతావేం బావా? మింగింది నువ్వు."

టైలరమ్మ నంబరు భార్య ఫోనులో దొరికింది. అవతల మిషను చప్పుడు.

"మీరు రాసింది మళ్లీ పెట్టండి. కామెంట్లు తెరుస్తాను" అన్నాడు.

"ఎక్కడినుంచి తెచ్చి పెట్టనండీ? పెట్టెలోనే కొట్టాలన్నారు, కొట్టాను. ఇంకెక్కడా లేదు."

"గుర్తున్నంత రాయండి."

"రాయలేనండీ. జాకెట్టు చేతులు వదులు చెయ్యమని ఒకావిడ వచ్చి నిలబడితే, కూర్చోబెట్టి మరీ రాశాను. అందుకే ఆలస్యం. టీచరమ్మ పోయినప్పటినుంచీ రాయనా వద్దా అని కొట్టుకుంటున్నాను. తలుపు అనేసరికి దానంతటదే వచ్చేసింది. మళ్లీ రమ్మంటే రాదు."

"పోనీ నోటితో చెప్పండి. ఆ రోజు మా ఆవిడ మీతో ఏమంది?"

మిషను ఆగింది.

"మీకు చెప్పొద్దందండీ. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు. కథలా రాస్తే నలుగురితో పాటు మీరూ చదువుతారు, అది చెప్పినట్టు కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. మీరు చదివి తీసేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు."

"ఏడ్చిందా? అదొక్కటి చెప్పండి."

"లేదండీ. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఉంటానండీ, మనుషులు నిలబడి ఉన్నారు."

ఆయన కామెంట్లు తెరిచాడు. "బస్సు వెనక్కొచ్చిందేంటి కంట్రోలరుగారూ?" అన్నాడు మందులషాపాయన. రాసేవాళ్లు కొందరు మళ్లీ వచ్చారు. టైలరమ్మ రాలేదు.

లేచి ఆమె గది దగ్గరికి వెళ్లాడు. ఏ రోజయి ఉంటుంది? కూర బాగాలేదని కంచం తోసేసిన రోజా? "నీ రాతలు ఎవడు చదువుతాడు" అన్న రోజా? ఆమె స్నేహితురాళ్ల ముందు ఫోను లాక్కున్న రోజా? ఆస్పత్రినుంచి వచ్చాక, ఇంకెన్నాళ్లీ చాకిరీ అని విసుక్కున్న రోజా? ప్రతిసారీ ఆమె లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకునేది. కాసేపటికి తనే వచ్చి పొయ్యి వెలిగించేది. అంతటితో గొడవ తీరిపోయిందని ఆయన అనుకునేవాడు.

అన్నిసార్లలో ఒక్కసారైనా లేచి ఆ తలుపు తోసి ఉంటే, అది తెరుచుకోని రోజేదో ఆయనకు తెలిసేది.

ఆయన ఎప్పుడూ కుర్చీలోంచి లేవలేదు.